నాన్న బండికి పచ్చజెండా

అమ్మకు,

నా ఒంట్లో బాగానే ఉంది, బెంగపడకు. నాన్న ఆకలితో ఇల్లు చేరి ఉంటారు. ఎందుకో చెప్పాలనే ఈ కార్డు.

ఆపరేషన్ చేయించుకుని ఆయన తిరిగొచ్చిన బండికి మా స్టేషన్లో హాల్టు లేదు. అయినా ఎదురుబండికి దారి ఇవ్వాలి కాబట్టి రోజూ ఇక్కడ పడిగాపులు పడుతుంది. ఆ ధీమాతోనే, కిటికీ దగ్గర కూర్చోండి, వేడన్నం తెచ్చి పెడతానని కబురు పంపాను. తీరా నిన్న ఎదురుబండి ముందే వచ్చేసింది. "ఇవాళ పొద్దు పడమట పొడిచింది సార్," అన్నాడు మా పోర్టరు. లైను ఖాళీగా ఉంటే, లోపల ఉన్నది కన్నతండ్రి అయినా, స్టేషన్ మాస్టరు బండిని ఆపకూడదు. ఒక చేత్తో కారియరు, ఇంకో చేత్తో పచ్చజెండా పట్టుకుని నేనే ఆయన్ని సాగనంపాను.

బండి నెమ్మదిగానే స్టేషన్ దాటింది. కంటికి కట్టుతో నాన్న కిటికీలోంచి నావైపే చూశారు. తెల్ల యూనిఫాంలో నన్నెప్పుడూ చూడలేదు కదా, ఎవరో అనుకున్నారు. "మాస్టారూ, బండి ఆగలేదు, వెళ్ళిపోయానని మావాడితో కాస్త చెప్పండి," అని కేకేశారు. జెండా దించకుండానే తలూపాను.

చుక్కలమందు వేళకి వేస్తున్నావా? తలస్నానం అప్పుడే చేయనివ్వకు. పెరటి గోడ లేచిందా? ఇక్కడ చలి ముదిరింది, చెల్లి కుడతానన్న బొంత ఎవరైనా ఇటు వస్తే పంపు. దానికి నా ఆశీస్సులు.

నాన్న పంపిన కబురు వాళ్ళ అబ్బాయికి అందిందని చెప్పు.

నీ పెద్దాడు