గుడియాత్తం పెరియస్వామి రంపాల పంపకం

వేలూరు జిల్లా గుడియాత్తంలో కాపురముంటూ, చెట్లు కొట్టే పనితో బతికిన పెరియస్వామి అనే నేను, బుద్ధి స్థిమితంగా ఉండగా, ఎవరి బలవంతమూ లేకుండా రాయిస్తున్న మరణశాసనం ఇది. మిషను రంపం అదురుకు నా వేళ్లు తెల్లబారి మొద్దుబారాయి, చెవులు సగం పోయాయి. తెలివికి మాత్రం లోటు లేదు. నాకు తెలుగు మాట్లాడటమే వచ్చు, చదవడం రాదు. అయినా దీన్ని తెలుగులోనే రాయించాను. చెట్టు మీద నా పనివాడు ముత్తు, కింద నేను, అరుచుకుంటూ పని చేసింది ఈ భాషలోనే. రాసిపెట్టిన వేణుగోపాల్ సారునే ఈ వీలునామా అమలు జరిపించే మనిషిగా నియమిస్తున్నాను.

1. నేను ఉంటున్న ఇల్లు, అందులోని సామాను నా భార్య పుష్పవతికి సర్వహక్కులతో చెందాలి. ఆమె బతికి ఉండగా ఎవరూ వాటా అడగకూడదు.

2. ఒడుగత్తూరు దగ్గర నా స్వార్జితమైన ఇంటి స్థలం చిత్రకు చెందాలి. చిత్ర నా బంధువు కాదు. నా దగ్గర పని చేసిన ముత్తు భార్య. ఆమెకు ఎందుకు ఇస్తున్నానని రేపు ఎవరూ అడగకుండా జరిగినదంతా ఇక్కడే రాయిస్తున్నాను.

చెవుల పరీక్షకు నేను వేలూరు వెళ్లిన రోజు, నా కొడుకు కార్తికేయన్ ఒక మిషను రంపాన్ని తన ఇష్టానికి మార్చాడు. సైలెన్సరు బొక్క పెద్దది చేశాడు. గొలుసు తిరిగే బారు ఇంజను మోయలేనంత పొడుగుది తగిలించాడు. కొమ్మల్లో మాటిమాటికీ బ్రేకు పడి పని ఆగిపోతోందని, గొలుసును ఆపే బ్రేకును దాని పిడితో సహా పీకేశాడు. గాలికి ఒరిగిన ఒక వేపమాను కొట్టడానికి దాన్ని ముత్తు చేతికిచ్చాడు. "బ్రేకు లేకుంటే ఎట్లప్పా?" అని ముత్తు అడిగాడట. "వేగంగా పోతాది, పట్టుకో అన్నా" అన్నాడట నా కొడుకు. బారు కొస ఇంకో కొమ్మకు తగిలి రంపం ఎగిరి వెనక్కి వచ్చింది. మెడ దగ్గర తెగింది. ఆసుపత్రికి తీసుకెళ్తుండగా దారిలోనే ముత్తు పోయాడు.

స్టేషన్‌లో నా కొడుకు, "తాగి ఉన్న్యాడు సార్" అని చెప్పాడు. పని ఉన్న రోజు ముత్తు చుక్క ముట్టడు. పక్కనే నిలబడి ఉన్న నేను, "తాగలేదు. బ్రేకు పీకింది నా కొడుకు" అన్నాను. ఆ మాట మీదే కేసు నడిచింది. కార్తికేయన్‌కు శిక్ష పడింది.

పుష్పవతి చాలా కాలం నాకు అన్నం పెట్టేది, మాట్లాడేది కాదు. కొడుకును పట్టిచ్చానని కోపమనుకున్నాను. ఒక రోజు చెప్పింది: "నిజం చెప్పినావు, సరే. ముందు నాతో ఒక మాట అనుంటే, నేనూ వచ్చి నీ పక్కన నిలబడుంటా కదా." ఆమెకు ఇవ్వడానికి ఇల్లు తప్ప నా దగ్గర ఏమీ లేదు. ఆ మాటకు ఇల్లు సరిపోదు.

3. ముత్తు చెట్టెక్కే తాడు కూడా చిత్రకే. అతను ఆఖరిసారి కట్టిన ముడి దానికి అలాగే ఉంది. నేను విప్పలేదు.

4. కోర్టు నుంచి తిరిగి వచ్చిన ఆ రంపాన్ని అమ్మకూడదు, విడిభాగాలుగానైనా సరే. "ఈ వేగం కొత్త మిషన్లకు యాడ వస్తాది?" అంటూ ఆంబూరు నుంచి ఒకాయన బేరానికి వచ్చాడు, గడప దాటనివ్వలేదు. దాన్ని విప్పి, బారును ముక్కలు చేయించి, ఇంజనును సుత్తితో పగలగొట్టించి పాత ఇనుములో వేయించాలి.

5. పనిలో ఉన్న మిగతా మూడు రంపాలూ ముత్తు తమ్ముడు దొరైకి. దొరై, చెట్టెక్కి కొమ్మలు కొట్టేందుకు చిన్నదే తీసుకో, నీ చేతి బరువుకు అది సరి. సరుగుడుకు నడిమిది. చింతమానుకు పెద్దది, అదీ పొద్దున చెయ్యి అలవకముందే. మానును చూసి మిషను ఎంచుకో, దాని అరుపు చూసి కాదు. మార్పులే వద్దని నేను అనను. అదురు తగ్గాలని పిడికి పేర్ణాంబట్టు తోలు చుట్టింది నేనే. ఆకురాయితో పళ్లు సాన పట్టేటప్పుడు వాటి ముందుండే మెట్టును మరీ అరగదీయొద్దు. అరిగితే పన్ను ఎక్కువ కరిచి రంపం ఎగురుతుంది.

6. నా రిపేరు అంగడి, పనిబల్ల, పనిముట్లు కార్తికేయన్‌కు. శిక్ష ముగిశాక అతను ఆంబూరులో బండ్ల షెడ్డులో ఉంటూ, వాళ్లమ్మను చూడటానికే వస్తున్నాడు. నేనున్న గదిలోకి రాడు. ఇది రాయించే ముందు చిత్రను అడిగాను. "చెట్టు కొట్టే పని వానికి వద్దు నాయనా. రిపేరు చేస్తే చెయ్యనీ. పీకినోడే పెట్టాల" అంది. కాబట్టి షరతు: బ్రేకు సరిగ్గా లేని రంపం ఆ అంగడి గడప దాటి బయటికి పోకూడదు, ఎవరు ఎంత బతిమాలినా సరే. తప్పితే అంగడి మూయించే హక్కు చిత్రది. వేణుగోపాల్ సారు దగ్గరుండి మూయించాలి.

7. నా అంత్యక్రియల గురించి. "కొడుకును పట్టిచ్చినోనికి కొడుకు యాడ కొరివి పెడతాడు?" అని మా వాళ్లు నా ముఖం మీదే అన్నారు. మా అన్న కొడుకుతో పెట్టించాలని వాళ్లలో వాళ్లు అనుకున్నారు కూడా. వాళ్లకు ఆ హక్కు నేను ఇవ్వలేదు.

కార్తీ, ముత్తు గురించి నేను చెప్పింది నిజం. ఎవరు అడిగినా ఈ రోజుకూ అదే చెబుతాను. నువ్వు నా కొడుకువి కాదని మాత్రం ఏ స్టేషన్‌లోనూ, ఏ కోర్టులోనూ చెప్పలేదు. నా తలకొరివి నువ్వే పెట్టాలి. వద్దనే హక్కు నీ ఒక్కడికే ఉంది.

పైన రాసినదంతా నాకు చదివి వినిపించగా విని, నేను చెప్పినట్టే ఉందని ఒప్పుకుని, వేళ్లు కలం పట్టలేనందున సాక్షుల ఎదుట వేలిముద్ర వేశాను.

గుడియాత్తం, 14 జూన్ 2024

పెరియస్వామి (ఎడమ బొటనవేలి ముద్ర)

సాక్షులు:
డానియల్, ఎలక్ట్రీషియన్, గుడియాత్తం
విజి, దర్జీ, పేర్ణాంబట్టు

దస్తూరి: వేణుగోపాల్