కొత్త పంపు వచ్చేదాకా

మంగళవారం, ఆండర్సన్‌పేట

ఇంజన్‌లో ఏదో కీచుమంటోందని, చెన్నై వెళ్తున్న ఒకాయన పొద్దున తన స్పోర్ట్స్ కారును నా షెడ్డు ముందు ఆపాడు. ఇక్కడి బంగారు గనిలో పంపులు చూసుకున్న రోజుల్లోలాగే స్క్రూడ్రైవర్ కొనను వాటర్ పంపుకు ఆనించి, పిడిని చెవికి పెట్టుకున్నాను.

"గనిలో ఇట్లనే ఇని కనిపెడతా ఉంటి. పంపు బేరింగ్ పోయుండాదప్పా. కొత్తది బెంగళూరు నుంచి రావల్ల," అన్నాను.

"సరేలే అన్నా, అందాకా ఈడే కూర్చుంటా. గని సంగతులు చెప్పు."

సాయంత్రం దాకా చెప్పాను. గని మూసి పంపులు ఆపేశాక కింద సొరంగాలన్నీ నీళ్లతో నిండిపోయాయంటే, నేను పెట్టిన సంగటి తింటున్నవాడు చెయ్యి ఆపేశాడు. నా మాట ఒకరు అంతసేపు విని ఎన్నేళ్లయిందో...

కొత్త పంపు బిగించి, బెల్టు కూడా మార్చాను. వెళ్లిపోయాడు.

పాత పంపు నా మంచం పక్కనే ఉంది. చేత్తో తిప్పితే చప్పుడే లేదు. కీచుమంటున్నది బెల్టేనని నాకు పొద్దునే తెలుసు.