యంత్రం సమయానికి ధర

1979 ఆగస్టు 6, సోమవారం
గౌలిపుర

అక్కా,

ఈ రోజు కాలేజీ కంప్యూటర్ గది తలుపు మీద అంటించిన కాగితం చూసి అక్కడే నిలబడిపోయాను. నువ్వు అడిగి అడిగి అలసిపోయిన పద్ధతే వచ్చింది. ఇక ముందొచ్చినవాళ్లకు ముందు అనే వరస లేదు. ప్రతి విద్యార్థికీ నెలకు కొన్ని చీటీలు, ప్రొఫెసర్లకు కట్టలకు కట్టలు ఇస్తారు. ఎక్కువ చీటీలు పెట్టినవాళ్ల లెక్కల కార్డులు ముందు యంత్రంలోకి వెళ్తాయి. తొందర ఉన్నవాళ్లు ఖర్చు పెడతారు, లేనివాళ్లు ఆగుతారు అనేదానివి. దీనికి తెలుగులో మాట వెతికాను: వేలం.

చీటీలు పంచే యాదగిరన్న నవ్వాడు. "గిది గూడ మీరాలం మండి అయింది తమ్మీ. ఉల్లిగడ్డల లెక్క నిమిషాలు అమ్ముతున్నం."

నీ వాటా అడిగాను. ఆయన నవ్వు ఆగిపోయింది. "పోయినోళ్లకు ఇయ్యరు తమ్మీ."

ఏ నల్లా నీళ్లతో కామెర్లు వస్తున్నాయో తేల్చడానికి నువ్వు ఇల్లిల్లూ తిరిగి, ఇంటికొకటి చొప్పున చిల్లులు కొట్టించిన కార్డులు నా దగ్గరున్నాయి. అవి యంత్రం ఎక్కకముందే నీకే కామెర్లు వచ్చాయి. నిన్న పాలమ్మే మల్లమ్మ కోడలి కళ్లు పచ్చబడ్డాయి.

నా చీటీలు ఒక్క పనికే సరిపోతాయి: పరీక్షకివ్వాల్సిన నా లెక్కకు, లేదా నీ కార్డులకు. తక్కువ పెడితే వానాకాలం పోయాకే వంతు వస్తుంది. తొందర మన గల్లీది, చీటీల కట్టలు ప్రొఫెసర్లవి. దీనికి నువ్వేమనేదానివో.

నీ కార్డుల సంగతి చెబితే, "మరి నీ పరీక్ష ఏంగావాలె?" అన్నాడు యాదగిరన్న.

రేపు పొద్దున్నే చీటీలన్నీ నీ కార్డుల మీద పెడతాను. దానికి ముందు ఒక పనుంది. మన ఇంటి కార్డు మీద జబ్బు లేదని ఉంది. దాన్ని మళ్లీ కొట్టించాలి.

నీ తమ్ముడు