జల్లెడ మేకు

వదినా,

అన్నం వండి మూత పెట్టాను, పాలు కాచాను. జల్లెడ అలమరలో ఉంది. అది తగిలించే మేకు కోసం వెతక్కు, నేనే పీకి ఆఫీసుకు తీసుకెళ్లాను.

“నీకు నోరు లేదు తల్లీ, అందుకే ఆఫీసులో అందరూ నీ బల్ల దగ్గరే చేరతారు” అన్నావు చూడు, ఆ మాట గుచ్చుకుంది. వారం రోజులు గమనించాను. అందరూ స్టోరు గది తాళంచెవి కోసమే వస్తారు, వచ్చాక కబుర్లు చెప్పకుండా కదలరు. ఆ తాళంచెవి నా వెనక గోడకే వేలాడేది. సోమవారం పొద్దున్నే మేనేజరు గారి కుర్చీ వెనక నీ మేకు కొట్టి, దాన్ని అక్కడ తగిలించాను. మధ్యాహ్నానికల్లా ఆయనే, “ఏమిటయ్యా ఈ సంత! రేపట్నించి పొద్దున పదకొండయ్యేదాకా తాళంచెవి అని ఎవరూ రావద్దు” అని అరిచారు.

ఈ వారంలో అవ్వకపోతే ఇంకొకరికి ఇచ్చేస్తామన్న ఆసుపత్రి ప్లాను మూడు పూటల్లో గీసేశాను. ఇవాళ పెద్ద ఇంజనీరు గారికి నేనే చూపిస్తున్నాను. కింద మూలన నా పేరే ఉంది వదినా! నోరు విప్పకుండానే గెలిచాను.

సాయంత్రం కొత్త మేకు తెస్తాను. నీ కుట్టుమిషను గదికి గడియ కూడా తెస్తాను. కుట్టుపని మధ్యలో నిమిషానికోసారి నిన్ను పిలిచి లేపేది నేనేగా.