పక్కన పడేసిన దుప్పటి

పాస్టరుగారికి వందనాలు.

ఆదివారం, తనకున్న రెండు కాసులూ దేవుడికిచ్చేసిన పేద విధవరాలి కానుక గురించి నన్ను మాట్లాడమన్నారు. నాకు మొహం చెల్లదండి, ఇంకెవరికైనా అప్పగించండి.

వరద బాధితుల కోసం వచ్చిన బట్టలు ఏరుతుంటే అతుకుల దుప్పటొకటి కనబడింది. మనుషులకిలాంటిది ఎలా ఇస్తామని, నేల తుడవడానికి వాడుకోమంటూ చర్చి ఊడ్చే ఆవిడకే ఇచ్చాను.

ఆవిడ దాన్ని కాసేపు తడిమి, "ఉతికే తెచ్చానమ్మా" అంది.

వాళ్ళింట్లో ఉన్న దుప్పటి అదొక్కటేనని తర్వాత వాళ్ళమ్మాయి చెప్పింది. నిన్న కొత్త దుప్పటి కొని పట్టుకెళ్ళాను.

"నాకెందుకమ్మా, ఆ నీళ్ళలో ఉన్నవాళ్ళకి పంపండి. ఇది బాగుందిగా, ఈసారి పనికొస్తుంది" అంది.

ఎత్తిపొడుపేమోనని ముఖంలోకి చూశాను. కాదండి. నిజంగానే సంతోషపడుతోంది.

ఇట్లు,
మీ సంఘంలో ఇన్నేళ్ళుగా ముందు వరుసలో కూర్చుంటున్న సహోదరి