ఐదో మాట

మదనపల్లె,
ఈస్టరు దాటిన బుధవారం.

ఎస్తేరక్కకు,

తమ్ముడు రత్నప్ప ప్రభువు పేరట వందనాలు చెప్పి రాసుకునేది. ఇక్కడ నేను, నీ మరదలు రూతమ్మ ఆయన కృపలో ఉన్నాం. బాగున్నామని రాయబోతే కలం ఆడలేదు, అందుకే ఉన్నామని రాశాను. నువ్వు, బావ, పిల్లలు, మనుమలు అంతా కుశలమని తలుస్తాను. బావ మోకాలి వాపు తగ్గిందా? వేడి ఉప్పు కాపడం పెట్టుకుంటూ కూర్చోకుండా కుప్పం పోయి చూపించుకోమని నేను చెప్పానని చెప్పు. తెల్ల ఆవు ఈనిందా?

ఫోనులో నీకు సరిగా వినపడదు, నాకు సరిగా మాట రాదు. నువ్వు ఏం అడిగినా "బాగుండాం అక్కా" అని పెట్టేస్తాను. పెట్టేశాక నాకే బాధగా ఉంటుంది. అందుకని కూర్చుని రాస్తున్నాను. మనుమరాలు సునీత చేత నిదానంగా చదివించుకో.

పోయినసారి నువ్వు ఒక మాట అన్నావు. "ఆయమ్మని యాల అట్ల సూదులతో పొడిపించి పొడిపించి బాధ పెడతావు తమ్ముడా, మన ఊరికి తోడుకొని రా, ఉన్నన్ని దినాలు నలుగురి నడాన ఉంటాది" అన్నావు. ఆ మాట నువ్వు అనక ముందే రూతమ్మ అని ఉంది. నీకు తెలియదు.

మట్టల ఆదివారం ముందు వారం, డయాలసిస్ అయ్యాక ఆసుపత్రి గేటు బయట ఆటో కోసం నిలబడి ఉన్నాం. ఎండ మండిపోతోంది. మదనపల్లె చల్లని ఊరని అందరూ అంటారు గానీ, అది హార్స్లీ హిల్స్ మీదికి పోయేవాళ్లకే చల్లన. రూతమ్మ నా భుజం మీద చెయ్యి వేసి మెల్లగా అంది: "ఈస్టరు పండగ కానీ. ఆ పొద్దు దాటినాక నన్ను మన ఊరికి తోడుకొని పో. ఇంక ఆ మిషన్ కాడికి నేను రాను. కడుపు నిండా నీళ్లు తాగి సస్తాను."

డయాలసిస్ మానేస్తే ఏమవుతుందో డాక్టరమ్మ మొదటి రోజే చెప్పింది. వారాలకు మించి బతకదు అంది. రూతమ్మకూ తెలుసు. ఆటో వచ్చింది, ఎక్కాం.

మా సంగతి చెబుతాను. నేను పొద్దున్నే టమాటా మండీకి పోతాను. ఏ రైతు ఎన్ని బాక్సులు తెచ్చాడో, వేలంలో ఏ ధరకు పోయిందో రాయడం నా పని. కలకడ నుంచీ బి.కొత్తకోట నుంచీ బండ్లు వస్తాయి. ధర పడిపోయిన రోజు రైతులు నా మొహం చూడరు, నేనూ వాళ్ల మొహం చూడను. మండీ యజమాని మంచివాడు, ఆసుపత్రి ఉన్న సోమ గురువారాలు నన్ను తొందరగా వదులుతాడు. అంత టమాటా మధ్య నిలబడి ఇంటికి ఒక్క కాయ తేలేను. కిడ్నీ పోయినవాళ్లకు టమాటా మంచిది కాదు, చెనగ్గింజలు మంచివి కావు, ఉప్పు కూడదు. నీ ఊరిబిండి పచ్చడి అడుగుతుంది, వాసన చూస్తాను చాలు అంటుంది. పంపవద్దు. కూరగాయలు ఉడకబెట్టి ఆ నీళ్లు పారబోసి మళ్లీ వండుతాను. ఆ కూర తిని రూతమ్మ, "దీనికి బాప్తీస్మం ఇచ్చినావా, వండినావా?" అంటుంది.

వీటన్నిటికంటే నీళ్లు కష్టం అక్కా. ఉచ్చ ఆగిపోయిన మనిషికి తాగిన నీళ్లు బయటికి పోయే దారి లేదు. ఊపిరితిత్తుల్లోకి పోతాయి. అందుకని పొద్దుకు ఇంత అని డాక్టరమ్మ కొలత పెట్టింది. కాఫీ అయినా చారు అయినా ఆ కొలతలోనే. నాకు రోజూ లెక్క రాసే అలవాటు ఉంది కదా, ఇప్పుడు ఇంటి ఖర్చు కింద ఆమె తాగిన నీళ్లు కూడా రాస్తున్నాను. ఏం రాత అది అనిపిస్తుంది.

ఇక మా గుడి. ఆసుపత్రి వెనక వీధిలో ఉంది, చిన్నది. సగంమంది ఆసుపత్రిలో పని చేసి రిటైరైనవాళ్లు. మా పక్క ఇంటి సుగుణమ్మ అక్కడ ఆయాగా చేసి మానుకుంది. నోరు పెద్దది, మనసు అంతకంటే పెద్దది. ఇక్కడ మాకు చుట్టం అంటే ఆమే. రూతమ్మకు కాళ్లు పట్టుకుపోతే వచ్చి నూనె రాస్తుంది, రాస్తూ గుడిలో అందరినీ తిడుతుంది.

మన ఊళ్లో లాగే ఇక్కడా గుడ్ ఫ్రైడే రోజు సిలువ మీది ఏడు మాటలు ప్రసంగం చెప్పడానికి ఏడుగురికి పంచుతారు. మట్టల ఆదివారం ఆరాధన అయ్యాక అయ్యగారు పేర్లు చదివారు. ఐదో మాట, దప్పిగొనుచున్నాను అన్న మాట, నాకిచ్చారు. చిన్న మాట కదా, తక్కువ మాట్లాడేవాడికి సరిపోతుందని. నేను లేచి, నాతో కాదు అయ్యగారూ అన్నాను.

వెనకనుంచి సుగుణమ్మ అందుకుంది: "రత్నప్పకి ఇస్తే నాలుగో మాటకీ ఆరో మాటకీ నడాన ఒక దగ్గు ఇనిపిస్తాది అయ్యగారూ, అంతే."

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. అప్పుడు ఆడవాళ్ల వైపు నుంచి రూతమ్మ లేచింది. "అది నాకియ్యండి అయ్యగారూ" అంది. నవ్వు ఆగిపోయింది. ఆమెకు నీళ్ల కట్టడి ఉందని అందరికీ తెలుసు. అయ్యగారు నా వైపు చూశారు. నేను తల వంచుకున్నాను. "అట్లే కానీ అమ్మా" అన్నారు.

ఆ వారం ఆమె ఏమీ తయారు చేసుకోలేదు. బైబిలు తెరిచి చూసింది కూడా లేదు.

గుడ్ ఫ్రైడే పన్నెండింటికి మొదలైంది. రేకుల కప్పు, కరెంటు పోయింది. ఉపవాసం ఉన్నవాళ్లు పెదవులు తడుపుకుంటూ, పాటల పుస్తకాలతో విసురుకుంటూ కూర్చున్నారు. మొదటి మాట చెప్పిన పిల్లవాడు మిగతా ఆరు కూడా తనే చెప్పేశాడు. మా గుడిలో ఒక పద్ధతి ఉంది. ప్రసంగం చెప్పేవాళ్ల పక్కన స్టూలు మీద చెంబు నీళ్లు, గ్లాసు పెడతారు. గుడి పని చూసే చిన్నప్ప ఒక్కొక్కరు దిగగానే చెంబు నింపి పెడుతూ ఉన్నాడు. రూతమ్మ పేరు పిలిచారు. చిన్నప్ప అలవాటు కొద్దీ నిండా నింపి తెచ్చి ఆమె ముందే పెట్టాడు. పెట్టాక గాని తానేం చేశాడో ఆయనకు తెలియలేదు. అయ్యగారు తీసెయ్యమని సైగ చేశారు. ముసలాయన చెంబు మళ్లీ ఎత్తబోయాడు.

"ఉండనీ చిన్నప్పా" అంది రూతమ్మ. నిలబడలేక బల్ల పట్టుకుని ఉంది. ఆమె మాట్లాడింది నాకు గుర్తున్నంత వరకు రాస్తాను.

"నాకు ప్రసంగం రాదు. పాటలు పాడేది వస్తాది. దప్పిక గురించి సెప్పమన్నారు, అదొకటి నాకు బాగా తెలుసు. మీకు ఇది చెంబు. నా కండ్లకి చెరువు నిండి మరవ పొర్లిపోతాండినట్టు ఉండాది." కొంతమంది నవ్వారు. "నవ్వండి, ఏం కాదు. మొన్న కల వచ్చినాది. పుంగనూరు బస్టాండులో కొళాయి తిప్పినాను, నీళ్లు దబదబా పడతాండాయి. నోరు పెట్టబోతాంటే మా ఇంటాయన పక్కన నిలబడి లెక్క రాసుకుంటాండాడు."

గుడి అంతా నవ్వింది అక్కా. గుడ్ ఫ్రైడే రోజు, మూడు గంటల ఆరాధనలో. అయ్యగారు నోటికి కండువా అడ్డం పెట్టుకున్నారు. నాకు మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

నవ్వు తగ్గేదాకా ఆగి ఆమె అంది: "ఇన్నేండ్లు ఈ మాట ఇన్నాను, పట్టించుకోలా. దొంగకి పరదైసు ఇచ్చినాడు, తల్లిని ఒకరికి అప్పజెప్పినాడు, అవి పెద్ద మాటలు. నడాన నీళ్లు అడిగినాడు. సముద్రాన్ని చేసినాయన. చంపినోళ్ల ముందరే నోరు తెరిచి దప్పిగా ఉండాది అన్నాడు, సిగ్గుపడలా. నేను ఎవురినీ అడగలా. అడిగితే మా ఇంటాయన ఏం సేస్తాడు పాపం? ఇయ్యలేడు, ఇయ్యను అనలేడు. ఆయన నా ముందర నీళ్లు తాగడు. గోడ అవతలకి పోయి తాగి వస్తాడు. గుటక సప్పుడు నాకు ఇనపడదు అనుకుంటాడు."

ఆమెకు తెలుసని నాకు తెలియదు.

"అడిగితే తీరుతాదని కాదు. ఆయనకి గూడా నీళ్లు కాదు, పులిసిన ద్రాక్షరసం, చిరకే ఇచ్చినారు. అయినా అడిగినాడు. ఈ పొద్దు నేనూ సెప్తాండాను. దప్పిగా ఉండాది. అంతే అమ్మా, కూర్చుంటాను."

ఆమేన్ అనేవాళ్లు లేరు. చెంబు అట్లే ఉంది. ఆరో మాట, సమాప్తమైనది అన్న మాట, ప్రతి సంవత్సరం రిటైరైన హెడ్మాస్టరు జయానందం గారిది. ఆ సమాప్తాన్ని ఆయన ఎప్పటికీ సమాప్తం చెయ్యడని ఇక్కడ పేరు. ఆయన కళ్లు తుడుచుకుంటూ వచ్చాడు, చెంబెత్తి గడగడా మొత్తం తాగేశాడు. దించాక అందరూ తననే చూస్తున్నారని గమనించి బిక్కచచ్చిపోయాడు.

"ఐదో మాట పెద్దసారుకి బాగా ఎక్కినాది" అంది సుగుణమ్మ.

అందరికంటే ముందు రూతమ్మ నవ్వింది. హెడ్మాస్టరు రెండు మాటలు చెప్పి దిగిపోయాడు. ఆ గుడిలో అట్లా ఎప్పుడూ జరగలేదంట.

ఆరాధన అయ్యాక చెట్టు కింద మజ్జిగ పోశారు. ఆడవాళ్లు గ్లాసులు పట్టుకుని తాగకుండా, కొంగు చాటున దాచుకుని నిలబడ్డారు. రూతమ్మ కసురుకుంది: "తాగండమ్మా, మీరు తాగకపోతే నాకేమన్నా తీరుతాదా? కరివేపాకు వేసినారా లేదా, అది సెప్పండి నాకు." సుగుణమ్మ ఒక గుక్క తాగి, "వేసినారు, ఉప్పే సాలలేదు" అంది. అప్పుడు అందరూ తాగారు.

ఆ సాయంత్రం ఇంట్లో నేను చెంబు తీసుకుని బయటికి పోబోతుంటే, "ఈడ్నే తాగు" అంది. మంచం పక్కన కూర్చుని తాగాను. ఆమె నా గొంతునే చూస్తూ ఉంది. చెంబు దించాక, "సల్లగా ఉండాయా?" అంది. ఉన్నాయన్నాను.

ఈస్టరు తెల్లవారుజామున సమాధుల తోటలో ఆరాధనకు పోయి వచ్చాం. ఆమె ఒక పాట ఎత్తుకుంది, రెండో చరణానికి ఆయాసం వచ్చి ఆగితే సుగుణమ్మ తప్పుడు రాగంలో పూర్తి చేసింది. నేను ఇంటికి వచ్చి బట్టలు సర్దడం మొదలుపెట్టాను. పండగ దాటితే ఊరికని చెప్పింది కదా. ఏవి తేవాలి, ఏవి సుగుణమ్మకు ఇవ్వాలి అని వేరు చేస్తున్నాను. ఆమె చూసింది.

సోమవారం పొద్దున నేను పుంగనూరు బస్సు వేళ కనుక్కుని వచ్చేసరికి, ఆసుపత్రికి కట్టుకునే నేత చీర కట్టుకుని గడపలో కూర్చుని ఉంది.

"యాడికి?" అన్నాను.

"యాడికేంది, మిషన్ కాడికి."

"ఊరికి పోదామంటివే."

"అయ్యగారు నాకిచ్చింది ఐదో మాట. సమాప్తం అనేది హెడ్మాస్టరుది. నా వంతు కానిది నేనెట్ల సెప్తాను? ఆటో పిలువు."

పిలిచాను.

అదేదో బాగైపోయినట్టు అనుకోవద్దు అక్కా. ఆ రోజే మిషన్ మీద ఆమెకు బీపీ పడిపోయింది, కాళ్లు కొంకర్లు పోయి గట్టిగా అరిచింది. పక్క మంచంలో ఉండే బి.కొత్తకోట ఆమె ఆ రోజు రాలేదు. ఎందుకు రాలేదని మేము నర్సును అడగలేదు, ఆమె చెప్పలేదు. వచ్చే నెల రూతమ్మ మళ్లీ ఊరికి పోదామంటుందేమో. అన్న రోజు నేను తోడుకొని వస్తాను, ఆపను. ఈ వారానికి మాత్రం సోమవారం అయింది, రేపు గురువారం. నాకు అంతవరకే తెలుసు. ప్రార్థన చేసేటప్పుడు కూడా అంతకంటే ఎక్కువ అడగడం మానేశాను. అడగడం మాత్రం మానలేదు.

ఆమె ఎడమ చేతికి సూదులు గుచ్చి గుచ్చి వాచి ఉంటుంది. బిగుతు జాకెట్లు పట్టడం లేదు. నీ పాత వదులువి రెండు, కుప్పం నుంచి ఇటు వచ్చేవాళ్లు ఎవరైనా ఉంటే ఇచ్చి పంపు. మన ఊరి గుడిలో ఆమె పాటల పుస్తకం కిటికీలో ఉంటుంది, అదీ పంపు. ఇంకేమీ వద్దు.

రూతమ్మ నీకు ఒక మాట రాయమంది: "వదినని ఏడ్చుకుంటా ప్రార్థన సెయ్యొద్దని సెప్పు. దేవుడికి ముక్కు చీదే సప్పుడు తప్ప ఏమీ ఇనపడదు."

మన అయ్యగారికి, అమ్మగారికి, పెద్దలందరికీ మా వందనాలు. బావకు ప్రత్యేకంగా. పిల్లలకు ముద్దులు. చిన్నప్పుడు అమ్మ పోయాక నా తల మీద చెయ్యి పెట్టింది నువ్వే, ఇప్పుడూ అక్కడినుంచే మా ఇద్దరి మీదా పెట్టు. మాకోసమని సున్నం కొట్టించి పెట్టావంట, ఆ వెనక గది ఖాళీగా ఉంచవద్దు. ఈ ఏడు చింతపండు బాగా వచ్చిందన్నావు కదా, అందులో పోసుకో.

నీ తమ్ముడు,
రత్నప్ప