దొరకు తోడు గాడిద

సర్కస్ డేరాలో ఉన్న మా ఆయనకు,

నమస్కారాలు. ఇక్కడ అత్తయ్య క్షేమం, నేను క్షేమం, మీరు పంపిన ముసలి గుర్రం దొర మా ఇద్దరికంటే క్షేమం. అక్కడ మీరూ బాగానే ఉండి ఉంటారు. ఒంట్లో బాగాలేని మనిషి అంత పొడుగు ఉత్తరం రాయలేడు. అందులో అత్తయ్య గురించి ఒక ముక్క, నా గురించి అరముక్క, మిగతాదంతా మీ దొర గురించే. పైగా సర్కస్ వార్షికోత్సవానికి దొరను ఒక్కసారి మళ్ళీ రింగులోకి దించుతారట, వచ్చే నెల లారీ తీసుకుని వస్తారట. ఈ ఉత్తరం దానికి జవాబు. కూర్చుని చదవండి.

ముందు మీరు అడిగినవాటికి సమాధానాలు చెబుతాను, ఎగ్గొట్టానని మళ్ళీ అంటారు.

"దొర పూర్తిగా విశ్రాంతి తీసుకుంటున్నాడా?" అన్నారు. లేదు. వాణ్ణి పంపినప్పుడు మీరేం రాశారు? బతుకంతా పరిగెత్తాడు, ఇక కాలు కదపనివ్వకు, నిలబెట్టి మేపు అని. నేనొక పిచ్చిదాన్ని, అలాగే చేశాను. మన లాండ్రీ వెనక షెడ్డు ఖాళీ చేసి, రాణివాసంలో పెట్టినట్టు పెట్టాను. నెల తిరిగేసరికి కాళ్ళు వాచిపోయాయి, అడుగు తీసి అడుగు వేయలేడు. పశువుల డాక్టరమ్మ వచ్చి నన్ను కడిగేసింది.

"ముసలి గుర్రాన్ని కదలకుండా ఉంచితే కీళ్ళు బిగుసుకుపోతాయమ్మా. రోజూ మెల్లగా నడిపించాలి. ఎవరు చెప్పారు మీకు నిలబెట్టి మేపమని?" అంది.

మా ఆయనే, గుర్రాల మాస్టరు అని చెప్పడానికి సిగ్గేసి, "ఎవరో అన్నారులెండి" అన్నాను. మీ పరువు అలా కాపాడాను. ఇప్పుడు ఉతికిన బట్టలు ఇళ్ళకు చేర్చడానికి నేను తోపుడు బండితో వెళితే, వాడు పక్కన నడుస్తాడు. వీపు మీద తువ్వాలంత బరువు కూడా వెయ్యను. మెత్తటి మట్టిదారి చూసుకుని వెళతాం.

"దాణా తింటున్నాడా?" అని ఇంకో ప్రశ్న. గుర్రం గుడ్డిదైనా దాణాకు తక్కువ లేదని ఊరికే అనలేదు పెద్దలు. మొదట్లో ఎండుగడ్డి నమిలి నమిలి ఉండలు చేసి ఉమ్మేస్తుంటే, పొగరు అనుకుని తిట్టాను. తీరా చూస్తే వెనక పళ్ళన్నీ అరిగిపోయాయి. ఆ సంగతి మీకు ముందే తెలుసు, చెప్పలేదు. ఇప్పుడు తవుడూ, సన్నగా తరిగిన గడ్డీ గోరువెచ్చటి నీళ్ళలో నానబెట్టి పెడుతున్నాను. "నాకూ పళ్ళు లేవు, నాకెవరూ అంత మెత్తగా వండరు" అని అత్తయ్య సాధింపు. చలికి కప్పడానికి, ఎవరూ వచ్చి తీసుకెళ్ళని దుప్పట్లు రెండు కలిపి కుట్టాను.

ఇక గాడిద. తోడుగా గాడిదను తెచ్చానని నేను రాస్తే, "దొర పక్కన గాడిదా? నా పరువు తీశావు" అన్నారు. ఆ పరువేదో మీ డేరాలోనే కట్టేసుకోండి. పేరున్న గుర్రాన్ని విడిగా ఉంచడం మీ సర్కస్‌లో ఆచారం కావచ్చు. ఇక్కడ విడిగా ఉంచితే వాడు గోడకు నుదురు ఆనించి నిలబడేవాడు, తిండి ముట్టేవాడు కాదు. ఇటుకల బట్టీ ఆయన పని మాన్పించేసిన ఒంటిచెవి గాడిదను అడిగి తెచ్చుకున్నాను. మొదటిరోజు రెండూ మొహాలు తిప్పుకున్నాయి, పెళ్ళైన కొత్తలో మనలాగే. ఇప్పుడు ఒకరి మెడ ఒకరు గీరుకుంటారు. గాడిద కనబడకపోతే మీ దొర వాకిలి దాటడు. గాడిదకేం తెలుసు గంధపు వాసన అంటారు గానీ, తోడు అంటే ఏమిటో మీకంటే దానికే బాగా తెలుసు.

ఇప్పుడు అసలు సంగతి. చలికాలంలోనే జరిగింది, కావాలనే మీకు రాయలేదు.

ఒక పొద్దున పెరట్లో తడి దుప్పటి ఆరేయబోతూ గట్టిగా దులిపాను. ఫెళ్ళుమంది. అంతే, దొర కుప్పకూలి, కాళ్ళు చాచి, నాలుక బయటపెట్టేశాడు. నా పై ప్రాణాలు పైనే పోయాయి. అత్తయ్య శోకాలు మొదలుపెట్టింది. డాక్టరమ్మ పరిగెత్తుకొచ్చి, గుండె విని, "నిక్షేపంగా ఉన్నాడు. చచ్చినట్టు నటిస్తున్నాడు" అంది. కొరడా చప్పుడుకు చచ్చిపడే మీ ఆట అని అప్పుడు వెలిగింది నాకు. దుప్పట్లు ఉతికే ఇంటికి ఆ గుర్రాన్ని పంపుతూ, ఆ ఒక్క మాట రాయడానికి మీకు చెయ్యి రాలేదా?

పడటం నటనే. లేవడం మాత్రం నటన కాదు. ముందుకాళ్ళు రెండుసార్లు జారాయి. డాక్టరమ్మా నేనూ చెరో పక్క భుజం ఆనిస్తే లేచాడు. ఇలా పడుతూ ఉంటే ఏదో ఒకరోజు లేవడని ఆవిడ తేల్చి చెప్పింది. నేను దుప్పట్లు దులపడం మానలేను, అది నా పని. అందుకని మీ ఆటనే వాడి ఒంట్లోంచి తీసేశాను.

ఎలాగంటారా? గాడిదను పక్కన కట్టి, ఇద్దరికీ తవుడు పెట్టి, ముందు చేతిరుమాలు దులిపాను. కొన్నాళ్ళకు తువ్వాలు. ఆ తర్వాత దుప్పటి. చప్పుడైనప్పుడల్లా దొర మోకాళ్ళు వణికేవి. గాడిద తల కూడా ఎత్తకుండా తింటూ ఉండేది. దాన్ని చూసి చూసి వీడూ తినడం నేర్చుకున్నాడు. ఇప్పుడు ఎంత గట్టిగా దులిపినా చెవి కదపడు. తెలియక చేశానని అనుకునేరు. మీరు ఏళ్ళ తరబడి నేర్పింది తెలిసే చెరిపేశాను. లారీ తెస్తే తెచ్చుకోండి. అంత జనం ముందు మీరు కొరడా ఝళిపిస్తే, మీ దొర వచ్చి మీ జేబులో తవుడు వెతుకుతాడు.

మీకు కోపం వస్తుంది. రానివ్వండి, నాది ఇంకా తీరలేదు. ఆ పొద్దున వాడు లేస్తుంటే మోకాళ్ళు ఎండుపుల్లలు విరిగినట్టు పటపటమన్నాయి. చప్పట్లు కొట్టే జనానికి ఆ చప్పుడు వినబడి ఉండదు. వాడి పక్కనే నిలబడి జనానికి దండాలు పెట్టే మీకు, ప్రతి ఆటలోనూ వినబడే ఉంటుంది. మీ మీద నా కోపం అదీ.

ఇట్లు,
మీ ఇల్లాలు